విన్నది నిజమే కావచ్చు, కానీ కారణం ఆ కేబులేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. మీరు విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటున్నారు. స్పీకర్లతో పాటు వచ్చిన సన్నని తీగ తీసేసి, ఒక మిత్రుడి సలహా మీద 22,000 రూపాయల స్పీకరు కేబులు వేశారు. వేసిన రోజే మంద్రస్వరాలు బిగిశాయని, అంతకుముందు గదంతా చెదిరినట్టుండే గాయని గొంతు రెండు స్పీకర్ల నడుమకు వచ్చి నిలబడిందని మీకు అనిపించింది. ఇంజినీరైన మీ బావగారు మాత్రం "రాగి రాగే, ఇదంతా భ్రమ" అని కొట్టిపారేశారు. ఇప్పుడు అదే మిత్రుడు 38,000 రూపాయల పవర్ కేబులు కూడా వేయమంటున్నారు. "చెవులారా విన్నదాన్ని కాదనుకోవాలా? వినకుండానే తీర్పు చెప్పే చదువును నమ్మాలా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీకు తేడా వినిపించిందన్న మాటను నేను నమ్ముతున్నాను. ఆ తేడా కేబులు వల్లే వచ్చిందని మాత్రం ఇంకా తేలలేదు. పవర్ కేబులు ఇప్పుడు కొనకండి. ఏది వింటే మీ మనసుకు హాయిగా ఉంటుందో చెప్పగలిగేది మీరొక్కరే. అందులో ఏ ఇంజినీరుకూ జోక్యం లేదు. ఆ హాయికి కారణం ఏమిటో చెప్పడం వేరే పని, దానికి చెవి ఒక్కటే చాలదు. మీరూ మీ బావగారూ ఈ రెండు పనులనూ ఒకటిగా కలిపేసి వాదించుకుంటున్నారని నాకు అనిపిస్తోంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగమంతా చెవికీ మీటరుకూ మధ్యనే గడిచింది. గాజువాక వైపు ఒక పెద్ద కర్మాగారంలో, తిరిగే యంత్రాల కంపనాలు కొలిచే విభాగంలో 27 ఏళ్లు పనిచేశాను. సాయంత్రాలు ఇంట్లో యాంప్లిఫయర్లు బాగుచేసేవాడిని, ఇప్పుడూ చేస్తున్నాను.

మా విభాగంలో ఒక పెద్ద ఫిట్టరుగారు ఉండేవారు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు ఆనించి కళ్లు మూసుకుని వినేవారు. "బయటి రింగు దెబ్బతింది, వారం కూడా ఆగదు" అనేవారు. నా చేతిలో కంపనాల మీటరు, లెక్కల పుస్తకం ఉండేవి. నిమిషానికి 1480 చుట్లు తిరిగే మోటారులో 9 గుండ్ల బేరింగు ఉంటే, బయటి రింగు మీద మచ్చ పడినప్పుడు సెకనుకు సుమారు 89 తట్టులు రావాలని లెక్క చెబుతుంది. మీటరులో సరిగ్గా అక్కడే గీత లేచేది. తొలి రోజుల్లో ఆయన ఊహించి చెబుతున్నారనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆయన మాట విన్నాకే మీటరు తీయడం అలవాటు చేసుకున్నాను.

ఆయన్ని నమ్మడానికి కారణం ఆయన వయసు కాదు. ప్రతిసారీ ఆ బేరింగును విప్పేవాళ్లం. మచ్చ ఉండేది, లేదా ఉండేది కాదు. ఆయన చెప్పింది తప్పిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజున విప్పిన బేరింగును నూనె తుడిచి చేతిలో పట్టుకుని చాలాసేపు చూసేవారు. ఏ శబ్దాన్ని దేనిగా పొరబడ్డారో వెతుక్కునేవారు. అలా కొన్ని వందల బేరింగులు ఆయన చెవిని దిద్దాయి. నేను అనుభవం అని పిలిచేది ఈ దిద్దుబాటునే.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. కేబులు మార్చి విన్నప్పుడు విప్పి చూసుకోవడానికి బేరింగు ఏదీ? "బాగుంది" అనుకుంటాం. అది తప్పని చెప్పేది ఏదీ ఉండదు. పదేళ్ల పాటు అలా విన్నా ఒక్క దిద్దుబాటూ జరగదు. అందుకే ఇరవై ఏళ్లుగా కేబుళ్లు మారుస్తున్న మనిషి మాటను, ఇరవై ఏళ్లు బేరింగులు విన్న మనిషి మాటతో సమానంగా తీసుకోలేను. ఇద్దరూ నిజాయితీపరులే. దిద్దుకునే అవకాశం మాత్రం ఒకరికే దక్కింది.

ఇది నా ఒంటి మీదకు వచ్చిన సంగతి కూడా. 2009లో నా యాంప్లిఫయరులో పాత కెపాసిటర్లకూ (విద్యుత్తును కాస్త నిల్వ ఉంచే భాగాలు) ఖరీదైన కొత్తవాటికీ పోలిక చూద్దామని ఒక పెట్టె తయారు చేశాను. స్విచ్చి నొక్కితే లోపల రిలే, అంటే కరెంటుతో నడిచే మరో స్విచ్చి, మారి ఒక జత బదులు రెండో జత పనిచేయాలి. రెండు సాయంత్రాలు కూర్చుని విన్నాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను. కొత్త కెపాసిటరుతో వయొలిన్ కమాను మలుపు తిరిగే చోట తీపి పెరిగిందని, మృదంగం తొప్పి వైపు నాదం లోతుగా ఉందని నాలుగు పేజీలు రాశాను. మూడో రోజు మూత తీసి చూస్తే రిలేకు కరెంటు అందించే చోట టంకం పట్టలేదు. స్విచ్చి ఎటు తిప్పినా పాత కెపాసిటరే పలుకుతోంది. నేను అబద్ధం రాయలేదు. ఆ తీపిని నిజంగానే విన్నాను. ఆ నోటుపుస్తకాన్ని ఇప్పటికీ దాచుకున్నాను, ఎందుకంటే నా చెవికి దొరికిన మొదటి విప్పిన బేరింగు అదే.

మన వినికిడిలో కళ్లకూ ఆశకూ వాటా ఉంటుంది. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ప్రచురించిన ప్రయోగం దీన్ని చాలా తేటగా చూపింది. తెర మీద మనిషి పెదవులు "గ" అంటున్నట్టు కదులుతుంటే, స్పీకరులో "బ" వినిపిస్తారు. చాలామందికి "ద" అని వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ "బ". ఈ సంగతి తెలిశాక చూసినా మార్పు ఉండదు. స్పీకర్ల మీదే ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో చేసిన పరీక్షలో, స్పీకరు కనిపిస్తున్నప్పుడు వేసిన మార్కులు, తెర వెనక దాచినప్పుడు వేసిన మార్కులతో కలవలేదు. విన్నవారిలో అనుభవజ్ఞులు కూడా ఉన్నారు. కాబట్టి "నా చెవులు నన్ను మోసం చేస్తాయా" అని బాధపడకండి. చెవులు మోసం చేయవు. విన్నదానికి మెదడు తన దగ్గరున్న మిగతా సమాచారమంతా కలుపుతుంది, ఆ సమాచారంలో 22,000 రూపాయల బిల్లు కూడా ఉంటుంది.

ఇంతవరకు చదివి మీ బావగారు గెలిచారని అనుకోవద్దు. మీరు చెప్పిన లక్షణాలు చదవగానే నాకు వేరే అనుమానం వచ్చింది.

పాత తీగ వేసినప్పుడు ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారై ఉండవచ్చు. అలా జరిగితే ఒక స్పీకరు పొర ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కు పోతుంది. మంద్రస్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోతుంది. కొత్త కేబులు వేసేటప్పుడు ఎరుపు, నలుపు గుర్తులు చూసి జాగ్రత్తగా కలిపి ఉంటారు. దాంతో మంద్రం బిగిసింది, గొంతు మధ్యకు వచ్చింది. మీరు వర్ణించింది అచ్చంగా ఇదే. నా దగ్గరకు వచ్చిన "కేబులు మహిమ" కథల్లో ఇది చాలాసార్లు చూశాను. పాత తీగనే తీసుకుని, ఈసారి గుర్తులు సరిచూసుకుని మళ్లీ వేసి వినండి. అప్పుడూ అదే బిగువు వస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఇంకో కారణం మన ఊరిదే. సముద్రపు గాలికి విశాఖలో ఇత్తడి, రాగి కొసలు ఎంత త్వరగా నల్లబడతాయో, పచ్చబడతాయో మీకు తెలుసు. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో రెండు వర్షాకాలాలు దాటిన స్పీకరు తీగ కొసను ఒలిచి చూస్తే లోపల కూడా పచ్చగా ఉంటుంది. కేబులు మార్చేటప్పుడు పాత మరలను తిప్పి బిగిస్తాం, ఆ పొర గీసుకుపోతుంది, స్పర్శ బాగుపడుతుంది. మార్పు నిజం, పుణ్యం మాత్రం కొత్త కేబులుది కాదు.

మూడోది తీగ మందం. ఇక్కడ మీ బావగారి మాట కూడా పూర్తిగా సరైనది కాదు. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ 4 మీటర్లు లాగితే, పోను రాను 8 మీటర్లకు సుమారు 0.3 ఓముల నిరోధం వస్తుంది. 8 ఓముల స్పీకరుకు అది 0.3 డెసిబెల్ (శబ్దం స్థాయిని కొలిచే ప్రమాణం) తగ్గుదల. ఆ స్పీకరు నిరోధం కొన్ని పౌనఃపున్యాల దగ్గర 4 ఓములకు దిగితే, అక్కడ తగ్గుదల సుమారు 0.6 అవుతుంది. అంటే స్వరం మీద చాలా చిన్నదే అయినా నిజమైన రంగు పడుతుంది. అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే నిరోధం 0.06 ఓములే, నష్టం 0.1 డెసిబెల్ కన్నా తక్కువ. డాబా గార్డెన్స్‌లో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగినా ఆ తీగ మీటర్ల లెక్కన కొన్ని వందల రూపాయలకు ఇస్తారు.

చదువుకున్నవాళ్లు, కొలిచేవాళ్లు పొరబడే తీరు వేరు. ఇది నా తప్పు కనుక వివరంగా చెబుతాను. పెద వాల్తేరులో ఒక వయొలిన్ టీచరుగారు ఉన్నారు. తెల్లవారుజామున ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా చాలా సన్నని శబ్దంతో పాత కచేరీలు వినడం ఆవిడకు అలవాటు. "బాబూ, ఎడమ వైపు కమాను తీగను తాకుతున్నట్టు లేదు, మధ్యలో గుడ్డ అడ్డం పెట్టినట్టుంది" అని యాంప్లిఫయరు పంపారు. బల్ల మీద పెట్టి 10 వాట్ల దగ్గర కొలిచాను. రెండు వైపులా సమానం, వక్రీకరణ (స్వరం రూపు చెడడం) లేదు. బాగానే ఉందని తిప్పి పంపాను. నెల తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ కొలిచి మళ్లీ పంపాను. ఆవిడ వయసు డెబ్బై దాటింది కాబట్టి చెవిలోనే ఏదో తేడా వచ్చిందని మనసులో అనుకున్నాను.

మూడోసారి ఆవిడ యంత్రాన్ని పంపలేదు, నన్నే రమ్మన్నారు. ఉదయం ఐదున్నరకు వెళ్లి, ఆవిడ వినే శబ్దంలోనే విన్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. స్పీకర్లను కాపాడే రిలే లోపల స్పర్శ బిందువులు మసకబారాయి. సన్నని శబ్దంలో వోల్టేజి మరీ తక్కువ కాబట్టి ఆ పొరను దాటలేకపోతోంది. శబ్దం పెంచగానే పొర తెగి అంతా శుభ్రంగా వినిపిస్తుంది. నేను 10 వాట్ల దగ్గర కొలిచిన ప్రతిసారీ జబ్బును నేనే దాచిపెట్టాను. ఆవిడ వినేది వాటులో వందో వంతు దగ్గర. రిలే మార్చాక మళ్లీ ఆ మాట రాలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇది నా ఒక్కడికే ఎదురైన సంగతి కాదు. తొలితరం ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్ల మీద శ్రోతలు కరకుగా ఉన్నాయని ఫిర్యాదు చేస్తే, కాగితం మీద అంకెలు బాగానే ఉండేవి. పూర్తి శక్తి దగ్గర కొలిచిన వక్రీకరణ అంకెలో, సన్నని శబ్దంలో ఒక ట్రాన్సిస్టరు నుంచి మరో ట్రాన్సిస్టరుకు పని మారేచోట వచ్చే గరుకుదనం మునిగిపోయేది. కొలత తప్పు కాదు, కొలిచిన చోటు తప్పు. అందుకే "మీటరులో కనిపించలేదు, కాబట్టి మీకు వినిపించలేదు" అనే ఇంజినీరు మాటను నేను అంగీకరించను. మరి టీచరుగారి మాటకూ కేబులు మిత్రుడి మాటకూ తేడా ఏమిటని అడుగుతారేమో. ఆవిడ ఏం కొత్తగా కొన్నారని? ఆవిడకు ఆశ లేదు, బాధ ఉంది. ఏ వైపు, ఏ శబ్దంలో, ఏ వాద్యంలో అన్నది మూడుసార్లూ ఒకే మాటగా చెప్పారు. నలభై ఏళ్లుగా పిల్లల కమాను తప్పులు దిద్దుతున్న చెవి అది. ఫిట్టరుగారి చెవి లాంటిదే.

పవర్ కేబులు విషయానికి వద్దాం. మీ గోడలోని సాకెట్టు వరకు కరెంటు కిలోమీటర్ల కొద్దీ మామూలు తీగల మీద వస్తుంది. లోపలికి వెళ్లాక ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు దాన్ని డీసీగా మారుస్తాయి. మధ్యలో ఒకటిన్నర మీటరు తీగ మారిస్తే గొంతులో తేడా రావడానికి దారి నాకు కనిపించడం లేదు. "రాత్రి పది దాటాక కరెంటు శుభ్రమై పాట బాగా వినిపిస్తుంది" అని కొందరు చెబుతారు. రాత్రి బాగా వినిపించే మాట నిజమే. బయట ఆటోల మోత తగ్గుతుంది, పక్కింటి మోటారు ఆగుతుంది, గది నిశ్శబ్దం లోతవుతుంది. ఒక మధ్యాహ్నం పది నిమిషాలు ఉక్కపోత భరించి ఫ్యాను ఆపి అదే పాట వినండి, ఏ కేబులూ ఇవ్వని తేడా తెలుస్తుంది. మీకు గుంయ్‌మనే హమ్ ఏదైనా ఉంటే అది వేరే సంగతి. అప్పుడు కేబులు కొనకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించండి. టీవీ కేబులు పెట్టె యాంప్లిఫయరుకు కలిపి ఉంటే, దాని తీగ ఒకసారి తీసి చూడండి. ఎర్తు రెండు దారుల్లో చుట్టుకున్నప్పుడు ఆ మోత వస్తుంది.

ఆ 38,000 ఎలాగూ ఖర్చు పెట్టాలని ఉంటే గది మీద పెట్టండి. మధురవాడలో కొత్త ఫ్లాటు తీసుకున్న ఒక మిత్రుడు మూడు జతల కేబుళ్లు మార్చాక నన్ను పిలిచారు. నున్నని టైల్స్ నేల, ఖాళీ గోడలు, ఒక వైపంతా అద్దం తలుపు. చప్పట్లు కొడితే శబ్దం గోడల మధ్య టంగున మోగుతూ తిరిగింది. లోపలి గదిలోంచి రెండు పరుపులు, నాలుగు బొంతలు తెచ్చి గోడలకు ఆనించి, నేల మీద జంపఖానా పరిచి అదే పాట పెట్టాం. ఆయన మాట్లాడకుండా పూర్తి పాట విన్నారు. తర్వాత మందపాటి తెరలు, తివాచీ, పుస్తకాల బీరువా వచ్చాయి. మంద్రస్వరాలకు గది కొలతలే ముఖ్యం. 12 అడుగుల గోడల మధ్య 48 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను మోగుతుంది. కుర్చీని అడుగున్నర ముందుకు జరిపితే వచ్చే మార్పు చాలా డెసిబెల్‌లలో ఉంటుంది.

ఈ గది శాస్త్రం పుట్టింది కూడా చెవితోనే. 1895లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సబైన్‌కు, మాట్లాడితే ఒక్క మాటా అర్థంకాని ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. అక్కడ శబ్దం ఆగిపోవడానికి 5 సెకన్లకు పైగా పట్టేది. ఆయన దగ్గరున్నవి ఒక ఆర్గాన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే సాధనం, తన చెవి. పక్క నాటకశాల నుంచి దిండ్లు మోసుకొచ్చి, ఒక్కో వరుస పెంచుతూ, ఊరు నిద్రపోయిన వేళల్లో శబ్దం ఎప్పుడు ఆగిందో విని రాసుకున్నారు. తాను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చి లెక్క మారుస్తున్నాయని గమనించాక, ప్రతిసారీ అవే బట్టలు వేసుకుని మళ్లీ కొలిచారు. చెవిని నమ్మడమంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే అర్థమైంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు ఆయన లెక్కలే ఆధారం.

ఇక మీరు చేయాల్సిన పరీక్ష. పాత తీగ గుర్తులు సరిచూసి, కొసలు కొత్తగా ఒలిచి సిద్ధం చేయండి. ముందు రెండు తీగలతోనూ శబ్దం సమానం చేయాలి. ఏదైనా ఒకే స్వరం మోగించి, స్పీకరుకు తీగ బిగించే మరల దగ్గర మల్టీమీటరుతో ఏసీ వోల్టేజి చూడండి. తేడా ఒక శాతం లోపు ఉండాలి. కొద్దిగా బిగ్గరగా ఉన్నది మనకు "బిగ్గరగా" అనిపించదు, "బాగా" అనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో తప్పిన తీర్పులకు లెక్కలేదు.

తర్వాత మీ బావగారు నాణెం ఎగరేసి, మీరు గదిలో లేనప్పుడు ఏదో ఒక తీగ కలిపి, గుడ్డ కప్పి, మీకు కనిపించకుండా పక్క గదిలోకి వెళ్లిపోవాలి. ఎదురుగా ఉంటే ఆయన ముఖమే మీకు చెప్పేస్తుంది. మీరు వచ్చి, మీకు కంఠతా వచ్చిన పాటలో ఒకే అర నిమిషం విని, ఏ తీగో కాగితం మీద రాయండి. ఇలా 16 సార్లు. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోతే, ఊరికే ఊహించి అన్ని సాధించే అవకాశం వందలో నాలుగు కన్నా తక్కువ. అప్పుడు మీ బావగారే కారణం వెతకాలి, నేనూ వచ్చి వెతుకుతాను. ఎనిమిదో తొమ్మిదో సరిపోతే, ఆ తేడా మీకు ఆ గదిలో పట్టుబడలేదని మాత్రమే అర్థం. తీగలు మార్చడానికి పట్టే సమయంలో జ్ఞాపకం చెదురుతుంది కనుక చాలా సూక్ష్మమైన తేడా ఈ పరీక్షకు అందకపోవచ్చు. కానీ మీరు చెప్పింది సూక్ష్మమైన తేడా కాదు. మంద్రం బిగిసి గొంతు మధ్యకు రావడం గుడ్డివాడికైనా తెలిసే మార్పు. అంతటిది నిజంగా కేబులుదే అయితే 16కి 16 రావాలి.

కేబులు తిరిగి ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయని రాశారు. వచ్చే ఆదివారం ఉదయం, వీధి సందడి మొదలు కాకముందే కూర్చోండి. నాలుగేసి పరీక్షలకు ఒకసారి విరామం తీసుకుని కాఫీ తాగండి, అలసిన చెవికి అన్నీ ఒకటే. మీ 16 జవాబులూ, నాణెం ప్రకారం ఏ తీగ కలిపారో బావగారు రాసుకున్న 16 వరుసలూ పక్కపక్కన పెట్టి, ఎలా వచ్చినా ఇక్కడ రాయండి. మీ గది పొడవు, వెడల్పు, స్పీకరు గోడకు ఎంత దూరంలో ఉందో కూడా చెబితే కుర్చీ ఎక్కడ వేయాలో నేను లెక్కగట్టి చెబుతాను.